దుప్పి ఒంటి రంగు చెడకుండా: నల్లమల నుంచి మాగనూరు దాకా జింకల ఫొటోలు, ఎడిటింగ్

జింకల ఫొటోలు వరసగా పది చూడండి. సగం వాటిల్లో జంతువు ఇటుకబట్టీలోంచి లేచి వచ్చినట్టుంటుంది. ఒళ్లు ఎర్రెర్రగా, చుక్కలు సున్నం బొట్లలా, వెనక గడ్డి ప్లాస్టిక్ తోరణం రంగులో ఉంటాయి. తప్పంతా ఎడిటింగ్‌దే అనుకుంటారు గానీ చాలా ఫొటోల్లో రంగు కెమెరా దగ్గరే పోతుంది. వెలుగు ఎంచుకోవడంలో కొంత, ఎక్స్‌పోజర్‌లో (కెమెరా లోపలికి పోనిచ్చే వెలుగులో) కొంత, ఆ పొద్దున కంటికి కనిపించిన రంగేమిటో గుర్తు పెట్టుకోకపోవడంతో మిగతాది. ఇంటికొచ్చాక ఊహించి వేసిన రంగు ఊహలాగే ఉంటుంది. అందుకే ఇక్కడ సగానికి పైగా చెప్పేది అడవిలో, చేన్లలో చేయాల్సిన పని గురించే.

ఏ జింక, ఎక్కడ, ఎప్పుడు

తెలంగాణ రాష్ట్ర జంతువు చుక్కల జింక. ఊళ్లల్లో దుప్పి అంటారు. నాగర్‌కర్నూల్, నల్లగొండ జిల్లాల్లో పరుచుకున్న అమ్రాబాద్ టైగర్ రిజర్వులో ఇది గుంపులుగా కనిపిస్తుంది. హైదరాబాద్–శ్రీశైలం రోడ్డు మన్ననూరు, వటవర్లపల్లి, దోమలపెంట మీదుగా ఈ అడవిలోంచే పోతుంది. ఫర్హాబాద్ దగ్గర అటవీశాఖ సఫారీ ఉంది. దుప్పి కన్నా పెద్దది, ముదురు గోధుమ రంగుది కణుజు. దాన్ని ఫారెస్టు సిబ్బంది సాంబర్ అనే అంటారు. అది మసక వెలుతురులో తిరిగే జంతువు, ఓపిక అడుగుతుంది.

కృష్ణజింక సంగతి వేరు. అది అడవిది కాదు, బయలుది. నారాయణపేట జిల్లాలో మాగనూరు, కృష్ణ, మక్తల్ మండలాల రేగడి చేన్లలో మందలుగా తిరుగుతుంది. శాస్త్రం ప్రకారం అది జింకల కుటుంబంలోదీ కాదు. దుప్పి కొమ్ములు ఏటా రాలి మళ్లీ మొలుస్తాయి. మెలికలు తిరిగిన కృష్ణజింక కొమ్ములు రాలవు. ఫొటోకు ఈ తేడా పనికొస్తుంది. కొత్తగా మొలుస్తున్న దుప్పి కొమ్ము మీద మఖమల్ లాంటి తోలు ఉంటుంది. ఎడిటింగ్‌లో దాన్ని కృష్ణజింక కొమ్ములా గీకి పదును పెడితే ఎండుకట్టెలా తయారవుతుంది.

నెలలు చూసుకోవాలి. వానాకాలంలో, మామూలుగా జూలై నుంచి సెప్టెంబర్ దాకా, కోర్ ప్రాంతం మూసి ఉంటుంది. అక్టోబర్ నుంచి జనవరి దాకా గాలి కడిగినట్టుంటుంది, ఆకు ఇంకా ఉంటుంది, రంగులు ఈ కాలంలోనే బాగుంటాయి. ఫిబ్రవరి నుంచి టేకు, తునికి ఆకు రాలి చూపు దూరం పోతుంది. మేలో జంతువులు నీళ్ల దగ్గరికే రావాలి. అటవీశాఖ ట్యాంకర్లతో నింపే సాసర్ పిట్లే (పళ్లెం లాంటి నీటి గుంటలే) చాలా చోట్ల వాటికి దిక్కు. కనిపించడం తేలిక, రంగు కష్టం. ఎండిన గడ్డి, ఎండిన ఆకు, దుప్పి ఒళ్లు మూడూ దాదాపు ఒకే రంగు కుటుంబం. అప్పుడు జంతువును వెనకదాని నుంచి విడదీసేది వెలుగే. వేసవిలో దుప్పిని పక్క వెలుగులోనో ఎదురు వెలుగులోనో తీయండి, ఒంటి అంచున వెంట్రుకలు మెరిసి గడ్డిలోంచి బయటికొస్తుంది.

కృష్ణజింకకు జనవరి నుంచి మార్చి మేలు. జొన్న, కంది కోసేసి చేన్లు ఖాళీ అవుతాయి. పంట నిలిచి ఉన్నప్పుడు తలలు మాత్రమే కనిపిస్తాయి, పైగా చేనులో అడుగు పెట్టడం తప్పు. పత్తి చేను వెనకుంటే ఇంకో తంటా. విచ్చిన కాయలన్నీ తెల్లటి మచ్చలై కన్నును జింక మీద నిలవనీయవు.

శ్రీశైలం రోడ్డు మీద అడవి భాగంలో రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా రాకపోకలు ఆపేస్తారు. డిసెంబర్‌లో పొద్దు పొడిచేది దాదాపు 6:30కి కాబట్టి గేటు తీశాక బయల్దేరినా వెలుగు అందుతుంది. మేలో 6 కంటే ముందే ఎండ వచ్చేస్తుంది. వేసవిలో తీయాలంటే ముందురోజే మన్ననూరులోనో దోమలపెంటలోనో దిగడం ఒక్కటే దారి.

చేయి తిరగడానికి అడవి దాకా పోనక్కర్లేదు. వనస్థలిపురం దగ్గర విజయవాడ హైవేను ఆనుకున్న మహావీర్ హరిణ వనస్థలిలో కృష్ణజింకలున్నాయి. నల్లగొండ నుంచి నగరానికి వచ్చేవాళ్ల దారిలోనే ఉంది. నల్లటి ఒళ్లు, తెల్లటి పొట్ట ఒకే ఫ్రేములో ఎలా పట్టాలో అక్కడ నేర్చుకోవచ్చు. కంచె లోపల తీసిన ఫొటోకు మాత్రం మాగనూరు పేరు పెట్టకండి.

సామాను

లెన్సు ఎంత పొడవుండాలన్నది ఒక లెక్కతో తేలిపోతుంది. సెన్సర్ వెడల్పును లెన్సు పొడవుతో (ఫోకల్ లెంగ్త్‌తో) భాగించి, దూరంతో హెచ్చవేస్తే ఫ్రేములో పట్టే వెడల్పు వస్తుంది. ఫుల్‌ఫ్రేమ్ కెమెరా (సెన్సర్ వెడల్పు 36 ఎం.ఎం.), 400 ఎం.ఎం. లెన్సు, 30 మీటర్ల దూరం అనుకుంటే 36ను 400తో భాగించి 30తో గుణించాలి, అంటే 2.7 మీటర్లు. మీటరుంపావు పొడవుండే దుప్పి సగం ఫ్రేము నిండుతుంది. అడవికి అది చాలు. కృష్ణజింక 100 మీటర్ల లోపలికి రానిస్తే మన అదృష్టం. క్రాప్ సెన్సర్ (ఫుల్‌ఫ్రేమ్ కన్నా చిన్న సెన్సర్) మీద 600 ఎం.ఎం. పెట్టినా అక్కడ దాదాపు 4 మీటర్ల వెడల్పు పడుతుంది, జింక మూడో వంతు నిండుతుంది. కాబట్టి మాగనూరు వైపు 150–600 లాంటి జూమ్, అడవికి 100–400 సరిపోతాయి. 70–300 మాత్రమే ఉందా? అయితే జింకను నిండుగా పట్టాలనే పంతం మానేసి మందను, చేనును, ఆకాశాన్ని కలిపి తీయండి. చిన్న జింకను కోసి పెద్దది చేసిన ఫొటో కన్నా అది వెయ్యి రెట్లు నయం.

బండిలోంచి తీసేటప్పుడు ట్రైపాడ్ అడ్డం. కిటికీ అంచు మీద బీన్ బ్యాగ్ పెట్టాలి. పాత జీన్స్ ప్యాంటు కాలు ఒక మూరెడు కత్తిరించి, ఒక చివర కుట్టి, రెండు కిలోల జొన్నలో సజ్జలో పోసి, రెండో చివర జిప్పు కుట్టించుకుంటే చాలు. నిండా పోయకండి, మూడు వంతులే. గట్టిగా నింపితే లెన్సు కూర్చోదు, దొర్లుతుంది. తడిస్తే గింజ ముక్కిపోతుంది కాబట్టి వానరోజుల తర్వాత తీసి ఎండబెట్టాలి. ఇంజిన్ నడుస్తుంటే బీన్ బ్యాగ్ ఉన్నా లాభం లేదు, ఆ అదురు లెన్సు దాకా వస్తుంది. డ్రైవరన్నకు ముందే చెప్పి పెట్టండి, ఆగగానే ఇంజిన్ ఆపమని.

ఇంకో వస్తువు 18 శాతం గ్రే కార్డు, అంటే రంగు సరిచేయడానికి గుర్తుగా ఫొటో తీసుకునే బూడిద రంగు అట్ట. దాని బదులు తెల్ల కాగితం వాడొద్దు. ప్రింటర్ కాగితంలో తెల్లదనం కోసం కలిపే రసాయనం ఎండలో నీలంగా మెరుస్తుంది, దాన్ని నమ్మి రంగు సరిచేస్తే ఫొటో అంతా పసుపుబారుతుంది.

బండి ఎక్కేముందు కెమెరాలో చేయాల్సినవి

1. ఫైలు రకం రా (RAW), అంటే సెన్సర్ పట్టిన సమాచారాన్ని దిద్దకుండా దాచే ఫైలు. కెమెరా ఇస్తే 14 బిట్, లాస్‌లెస్ కంప్రెస్డ్. జేపెగ్‌లో కెమెరా అప్పటికే రంగు తీర్పు చెప్పేసి ఉంటుంది.

2. వైట్ బ్యాలెన్సు (వెలుగు రంగును బట్టి తెలుపును తెలుపుగా ఉంచే సెట్టింగు) డేలైట్ మీద కట్టేయండి. ఆటోలో పెడితే ఎండుగడ్డి నిండిన ఫ్రేమును చూసి కెమెరా ‘అబ్బో, పసుపెక్కువైంది’ అనుకుని నీలం కలుపుతుంది. జూమ్ కాస్త మారిస్తే మళ్లీ మనసు మార్చుకుంటుంది. ఒకే మంద, పది ఫొటోలు, పది రంగులు. రా ఫైల్లో తర్వాత మార్చుకోవచ్చు, నిజమే. కానీ అన్నీ ఒకే చోట మొదలైతే ఒకటి సరిచేసి మిగతావాటికి అతికించవచ్చు.

3. పిక్చర్ స్టయిల్ న్యూట్రల్. ఇది రా ఫైలును మార్చదు, కానీ కెమెరా వెనక కనిపించే హిస్టోగ్రామ్ (ఎడమ చీకటి నుంచి కుడి వెలుగు దాకా ఎక్కడ ఎంతుందో చూపే గ్రాఫు) ఈ స్టయిల్ నుంచే వస్తుంది. వివిడ్‌లో పెడితే తెలుపు పోకముందే పోయిందని అబద్ధం చెబుతుంది.

4. మాన్యువల్ మోడ్, ఆటో ఐఎస్‌వో (తక్కువ వెలుగులో ఫొటోను ఎంత వెలిగించాలో చెప్పే అంకె). షట్టర్ నిలబడ్డ జింకకు 1/500, నడిచేదానికి 1/1000, ఎగిరే కృష్ణజింకకు 1/2000 నుంచి 1/2500. అపర్చర్ (లెన్సు లోపలి రంధ్రం) లెన్సు ఇచ్చేంత తెరవండి, ఎఫ్5.6 లేదా 6.3. ఐఎస్‌వో గరిష్ఠం 6400.

5. ఫోకస్ కంటిన్యువస్. జంతువు కన్ను పట్టే సదుపాయం ఉంటే వేసి ఉంచండి. కానీ బోద గడ్డి ముందుంటే అది గడ్డినే పట్టుకుంటుంది. ఆ క్షణాన ఒకే చిన్న పాయింటుకు మార్చే బటన్ వేలి కింద ఉండాలి.

6. సైలెంట్ షట్టర్ నిలబడ్డ దుప్పికి బంగారం. గెంతే జింకకు మాత్రం చాలా కెమెరాల్లో అది కాళ్లను, వెనక ఉన్న కరెంటు స్తంభాలను వంకర తిప్పుతుంది. అప్పుడు మెకానికల్‌కు మార్చండి.

600 ఎం.ఎం., ఎఫ్6.3, క్రాప్ సెన్సర్, 30 మీటర్ల దగ్గర పదునుగా ఉండే లోతు సుమారు 60 సెంటీమీటర్లే. అడ్డంగా నిలబడ్డ జింక మొత్తం పదునుగా వస్తుంది. మనవైపు తిరిగి నిలబడితే కన్ను ఉంటుంది, నడుము పోతుంది. అది తప్పేం కాదు, కన్ను దక్కితే చాలు.

దగ్గరికి చేరడం

అడవిలో మీరు దగ్గరికి పోరు, అదే రావాలి. బండి దిగకూడదు, వన్యప్రాణికి 20 మీటర్ల కన్నా దగ్గరగా బండి పోనివ్వకూడదు. ఫ్లాష్, టార్చి, ఈలలు, చప్పట్లు వద్దు. డ్రోన్ మాట ఎత్తకండి. ఏ చిన్న షూటింగు పనైనా, మామూలు సఫారీకి మించినదైతే, అటవీశాఖ అనుమతి తీసుకోవాలి.

దుప్పుల జాడ కొండముచ్చులు చెబుతాయి. చెట్టు మీద కొండముచ్చులు మేస్తూ ఆకులు, కాయలు రాలుస్తుంటే కింద దుప్పులు ఏరుకు తింటుంటాయి. చెట్టు పైన తోకలు వేలాడుతుంటే చెట్టు కింద చూడండి. దుప్పి తలెత్తి, చెవులు నిక్కించి, ముందు కాలితో నేల తట్టిందంటే దానికి అనుమానం వచ్చింది. అది మీ మీదే అయితే కదలకుండా ఐదు నిమిషాలు ఆగండి, తల దించి మేత మొదలుపెడుతుంది. తోక పైకి లేచి తెలుపు కనిపిస్తే ఆట ముగిసినట్టే.

చేన్లలో వేరే మర్యాద. మాగనూరు వైపు రైతుకు కృష్ణజింక అందమైన జంతువు కాదు, మొలకెత్తిన పంటను రాత్రికి రాత్రి మేసిపోయే నష్టం. దాన్ని మురిపెంగా ఫొటో తీయడానికి పట్నం నుంచి కారేసుకొని వచ్చినవాళ్లను చూస్తే ఒళ్లు మండటం సహజం. ముందు మాట కలపాలి. “అన్నా, జింకల ఫొటోలు తీస్కుంటం, చేన్లకు దిగం, గెట్టు మీద్నే నిలవడ్తం” అంటే కాదనేవాళ్లు తక్కువ. మంద పొద్దున ఎటు నుంచి ఎటు పోతుందో కూడా వాళ్లే చెబుతారు, ఏ యాప్ చెప్పదు.

చీకటి ఉండగా చేన్లలో నడవొద్దు. ఒకటి, గోడలేని బావులుంటాయి. రెండు, అడవిపందుల కోసం దొంగతనంగా కరెంటు తీగలు పెట్టేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. నేల కనిపించేంత తెల్లారాకే గెట్టు వెంట నడవండి.

చిటికెడు దుమ్ము వేళ్లలోంచి వదిలితే గాలి ఎటో తెలుస్తుంది. గాలి జింక మీంచి మన మీదికి రావాలి. ఒక తుమ్మ చెట్టు చాటునో గడ్డివాము పక్కనో పొద్దు పొడవకముందే కూర్చుని అరగంట కదలకపోతే మంద దానంతటదే దూరం తగ్గిస్తుంది. వెంబడిస్తే అది రెట్టిస్తుంది. బైకు మీద తరిమి గెంతులు తీయించే పద్ధతి ఒకటి కొన్నిచోట్ల నడుస్తోంది. భయంతో అలా పరుగెత్తిన జింక ఆ తర్వాత చచ్చిపోవచ్చు. కృష్ణజింక వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూలులో ఉంది, తరమడం కూడా చట్టం దృష్టిలో వేటే. గడ్డిలో ఒంటరిగా ముడుచుకుని పడుకున్న పిల్ల తప్పిపోయింది కాదు, తల్లే దాచిపెట్టి మేతకు పోయింది. దూరం నుంచి కూడా ఎక్కువసేపు నిలబడకండి, ఊరకుక్కలు మనుషుల చూపు వెంటే వస్తాయి.

వేసవిలో తొమ్మిది దాటితే రేగడి నేల మీద వేడిగాలి అలలు లేస్తాయి. ఆ అలల గుండా తీసిన జింక నీళ్లలో నీడలా కరిగిపోయి ఉంటుంది. లెన్సు పాడైందని, ఫోకస్ తప్పిందని చాలామంది సర్వీస్ సెంటర్ దాకా పోతారు. దానికి మందు లేదు. దూరం తగ్గించుకోవాలి, లేదా లేచి ఇంటికి పోవాలి.

ఎక్స్‌పోజర్: రంగు నిలిచేది ఇక్కడే

కెమెరా మీటరు ప్రపంచమంతా బూడిద రంగు అనుకుంటుంది. చెట్ల నీడలో నిలబడ్డ దుప్పిని చూపిస్తే చీకటిగా ఉందని వెలుగు పెంచేస్తుంది. దాంతో గొంతు కింది తెలుపు కాలిపోతుంది, చుక్కలు కాలిపోతాయి, ఒంటి గోధుమ రంగు పాలు కలిపినట్టు తేలిపోతుంది. తేలిపోయిన రంగును ఇంట్లో సాచురేషన్‌తో (రంగు గాఢతతో) లాగుతారు, ఇటుక తయారవుతుంది. చూశారా, ఇటుక రంగు మొదలైంది ఎక్కడో! నీడలోని దుప్పికి ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్‌తో (మీటరు లెక్కను మనం దిద్దే సదుపాయంతో) మైనస్ 0.7, కణుజుకు మైనస్ 1 దాకా తగ్గించండి.

మగ కృష్ణజింక పరీక్ష పెడుతుంది. వీపు నలుపు, పొట్ట తెలుపు, కంటి చుట్టూ తెల్లటి వలయం. సూటిగా చెప్పాలంటే తెలుపును కాపాడండి, నలుపును వెలుగు కోణానికి వదిలేయండి. తెలుపు ఒక్కసారి కాలితే తిరిగి రాదు. నలుపులో వెంట్రుకలు కనిపించాలంటే పొద్దు మీ వీపు వెనక, కాస్త పక్కగా, నేలకు దగ్గరగా ఉండాలి. అంటే పొద్దు పొడిచిన మొదటి గంట. నడినెత్తి ఎండలో ఏ సెట్టింగూ ఆ వీపును తెరవదు. హిస్టోగ్రామ్ కుడి గోడకు ఆనీ ఆనకుండా ఉండాలి. చిన్న మొన ఒకటి తగిలినా రా ఫైల్లో కొంచెం మిగులు ఉంటుంది, గుట్టలా పేరుకుంటే లేదు.

ఆకుల సందుల్లోంచి ఎండ చుక్కలుగా పడే చోట దుప్పిని తీయకండి. దాని ఒంటి మీది చుక్కలు పుట్టిందే ఆ వెలుగులో కలిసిపోవడానికి. పులినే మోసం చేసే ఏర్పాటు మీ కెమెరానూ మోసం చేస్తుంది. ఫొటోలో ఏది చుక్కో ఏది ఎండో తేలదు. అది పూర్తి నీడలోకో పూర్తి వెలుగులోకో అడుగు వేసే దాకా, లేదా మబ్బు కమ్మే దాకా ఆగండి. పలచటి మబ్బుకు మించిన వెలుగు దుప్పికి లేదు.

రంగును రాసి పెట్టుకోవడం

ఎవరూ చేయని పని ఇది, అన్నిటికన్నా ఎక్కువ అక్కరకొచ్చేదీ ఇదే. వెలుగు మారిన ప్రతిసారీ రెండు చిన్న పనులు చేయండి.

మొదటిది, గ్రే కార్డును ఒక ఫ్రేము తీయండి. జింక ఎండలో ఉంటే కార్డూ ఎండలోనే ఉండాలి, జింక నీడలో ఉంటే కార్డూ నీడలోనే. మీరు చెట్టు కింద ఉండి, జింక ఎండలో ఉన్నప్పుడు తీసిన కార్డు ఎందుకూ పనికిరాదు.

రెండోది, ఫోన్‌లో పది సెకన్ల మాట రికార్డు చేయండి. “ఏడున్నర, పలచటి ఎండ, దుప్పి ఒళ్లు బెల్లం పాకం రంగు, గడ్డి ఎండిన వరిగడ్డి రంగు, గొంతు కింద తెలుపు కాస్త పసుపు.” ఇలా తెలిసిన వస్తువులతో పోల్చి చెప్పండి. ‘చాలా అందంగా ఉంది’ అంటే వారం తర్వాత మీకే అర్థం కాదు. మనిషి జ్ఞాపకం రంగును ఎప్పుడూ ఎక్కువ చేసే గుర్తుపెట్టుకుంటుంది, ఆ మాటలే దాన్ని కట్టేసేది.

ఎడిట్ చేసే తెర

తెర తప్పైతే అంతా తప్పే. మానిటర్ తెలుపు డి65 (పగటి వెలుగు తెలుపు), గామా 2.2, వెలుగు 100 నుంచి 120 నిట్ల (తెర వెలుగు కొలత) మధ్య. కొలిచే పరికరం లేకపోతే మానిటర్ మెనూలో ఎస్‌ఆర్‌జీబీ (వెబ్‌కు వాడే మామూలు రంగుల పరిధి) మోడ్ ఎంచుకుని, తెరమీది తెల్ల పేజీ గదిలో పక్కన పెట్టిన తెల్ల కాగితం కన్నా వెలగకుండా బ్రైట్‌నెస్ తగ్గించండి. రాత్రి కళ్లకు హాయిగా ఉండాలని పెట్టుకున్న నైట్ లైట్ ఆపేయండి. దాన్ని మరిచిపోయి ఎడిట్ చేస్తే పొద్దున అన్ని ఫొటోలూ నీలంగా ఉంటాయి. ఫోన్‌లో చూసేవాళ్లు డిస్‌ప్లేను వివిడ్ నుంచి నేచురల్‌కు మార్చుకోవాలి.

ఎడిటింగ్ వరస

అంకెలు లైట్‌రూమ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌వి. డార్క్‌టేబుల్, రాథెరపీ ఉచితం, వాటిల్లోనూ ఇవే పనులున్నాయి, పేర్లే వేరు.

1. ప్రొఫైల్. తెరవగానే ఉండే అడోబ్ కలర్ కాంట్రాస్టునూ రంగునూ కొంచెం పెంచే ఇస్తుంది. కెమెరా న్యూట్రల్ ప్రొఫైల్‌తో మొదలుపెట్టండి. చప్పగా కనిపిస్తుంది, కంగారు పడొద్దు. ఉప్పు తక్కువైతే వేసుకోవచ్చు, ఎక్కువైతే తీయలేం. ఐఎస్‌వో 1600 దాటిన ఫైలుకు ఏఐ డీనాయిజ్ ఇక్కడే చేయండి, బలం 30 నుంచి 50 మధ్య. అంతకు మించితే వెంట్రుకలు మైనం పూసినట్టవుతాయి, చుక్కల అంచులు కత్తిరించినట్టు వస్తాయి.

2. వైట్ బ్యాలెన్సు. మబ్బు రోజునా, బాగా పొద్దెక్కాకా తీసిన ఫొటోలకు గ్రే కార్డు మీద డ్రాపర్ (నొక్కిన చోటును రంగులేని బూడిదగా మార్చే పనిముట్టు) నొక్కితే పనైపోయింది. పొద్దుటి ఎండకు అలా చేయకూడదు. పొద్దు పొడిచేవేళ వెలుగు దాదాపు 3500 కెల్విన్ ఉంటుంది (కెల్విన్ వెలుగు రంగుకు కొలత, అంకె తగ్గేకొద్దీ వెలుగు ఎర్రగా, పెరిగేకొద్దీ నీలంగా ఉంటుంది). డ్రాపర్ దాన్ని కడిగేసి మధ్యాహ్నం చేస్తుంది, మీరు తెల్లవారుజామున లేచిందంతా వృథా. డేలైట్ 5500 మీదే వదిలేస్తే కన్ను చూసినదానికన్నా నారింజ ఎక్కువవుతుంది, ఎందుకంటే మన కన్ను ఆ వెచ్చదనానికి సగం అలవాటు పడిపోతుంది. నడుమ 4500 దగ్గర ఆపి, ఫోన్‌లోని మాట వినండి.

నీడలో వెలుగు 7000 కెల్విన్ దాటుతుంది. అక్కడ 6500 పెట్టి కొంచెం చల్లదనం వదిలేయండి, నీడ నీడలా ఉండాలి. వానల తర్వాత టేకు ఆకుల కింద తీసిన ఫొటోలకు ఆకుపచ్చ పులుముకుని ఉంటుంది. టింట్‌ను ఉన్న అంకె మీద 5 నుంచి 15 దాకా మెజెంటా వైపు జరపాలి. దుప్పి ముక్కు, చెవి లోపలి భాగం గులాబీ కావడం మొదలైతే ఎక్కువ జరిగినట్టు.

దుప్పి గొంతు తెలుపు మీద డ్రాపర్ నొక్కే అలవాటు మానేయండి. ఆ తెలుపు మీద గడ్డి, మట్టి, ఎండ మూడింటి నీడా ఉంటుంది.

3. వెలుగు. ముందు ఎక్స్‌పోజర్, తర్వాత హైలైట్స్ మైనస్ 20 నుంచి 50. తెల్లటి వెంట్రుకల మీద కర్సర్ పెట్టి అంకెలు చూడండి, ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడూ 88 నుంచి 94 శాతం మధ్య ఉంటే తెలుపులో వెంట్రుక కనిపిస్తుంది. కృష్ణజింక వీపు 4 నుంచి 8 శాతం. షాడోస్‌ను 20 దాటించొద్దు. నల్లటి మగదాన్ని షాడోస్‌తో పైకి లాగితే బూడిద రంగు గొర్రె అవుతుంది, ఊదారంగు గింజలు పైకి తేలతాయి. డీహేజ్ వేసవి దుమ్ముకు ఆకర్షణగా ఉంటుంది గానీ రంగునూ పెంచుతుంది. 10 వేస్తే, వైబ్రెన్స్ 5 తగ్గించండి.

4. రంగు. సాచురేషన్ స్లయిడర్‌ను ముట్టుకోకండి. ఒక్కో రంగును విడిగా దిద్దే హెచ్‌ఎస్‌ఎల్ లోనే పని.

పచ్చటి ఆకు ఎక్కువ భాగం ఉండేది గ్రీన్‌లో కాదు, ఎల్లోలో. గడ్డి ప్లాస్టిక్‌లా మెరుస్తుంటే ఎల్లో సాచురేషన్ మైనస్ 15 నుంచి 25, గ్రీన్ సాచురేషన్ మైనస్ 10, గ్రీన్ లూమినెన్స్ మైనస్ 10. ఇంతకే అక్టోబర్ నల్లమల వచ్చి కూర్చుంటుంది. గ్రీన్ హ్యూను పసుపు వైపు లాగి ‘సినిమా రంగు’ తెచ్చే పద్ధతి ఉంది, ఆ అడవి ఏ దేశంలోనూ లేదు.

దుప్పి ఒళ్లు ఆరెంజ్‌లో ఉంటుంది. మన ఎర్రమట్టి కూడా అక్కడే ఉంటుంది. ఆరెంజ్ ఎంత కదిపినా రెండూ కలిసే కదులుతాయి. అందుకే ఒళ్లు ఎర్రబడితే మాస్క్‌లో (ఫొటోలో ఒక భాగాన్నే మార్చే పనిముట్టులో) సబ్జెక్ట్ ఎంచుకుని, దాని లోపలే సాచురేషన్ మైనస్ 5 నుంచి 10 చేయండి. ప్లస్ అవసరం నూటికి ఒకసారి వస్తుందేమో.

కృష్ణజింక మగవన్నీ కారునలుపు కావు. వయసును బట్టి, కాలాన్ని బట్టి ముదురు గోధుమ నుంచి నలుపు దాకా ఉంటాయి. గోధుమ రంగు మగదాన్ని బ్లాక్స్ లాగి నల్లగా చేయడం రంగు దిద్దడం కిందికి రాదు, అబద్ధం కిందికి వస్తుంది. నల్లటి వీపు మీద ఆకాశం నీలం మెరుపు పడితే మాస్క్‌లో టెంప్ ప్లస్ 3 నుంచి 6 చాలు.

పొట్ట కింద పడే రంగు గురించి ఒక మాట. పచ్చిక మీద నిలబడితే తెలుపు ఆకుపచ్చగా, ఎర్రమట్టి మీద నిలబడితే ఎర్రగా అవుతుంది. పూర్తిగా తుడిచేస్తే జింకను వేరే ఫొటోలోంచి కోసి అతికించినట్టుంటుంది. ఆకుపచ్చను సగం తగ్గించండి, ఎరుపును అలాగే వదలండి. మట్టి రంగు జంతువు మీద పడితేనే అది ఆ నేల మీద నిలబడినట్టు.

5. పదును. అమౌంట్ 40 నుంచి 60, రేడియస్ 0.8, మాస్కింగ్ 70. వెంట్రుకలకు టెక్స్చర్ 10 వేయవచ్చు. క్లారిటీ వద్దు, కొమ్ముల చుట్టూ తెల్లటి గీత వస్తుంది. జంతువును మాస్క్‌తో వెలిగించాలనుకుంటే 0.3 స్టాపు దాటొద్దు.

6. ఆగండి. ఒక రాత్రి వదిలేసి పొద్దున చూడండి. అప్పుడు వచ్చే మొదటి ఆలోచన దాదాపు ఎప్పుడూ ‘ఎక్కువైంది’ అనే. మొత్తం మార్పులను ఒక్కసారి ఆపి చూసి, మళ్లీ వేసి చూసి, ఆ నడుమ ఎక్కడో ఆపండి.

బయటికి పంపేటప్పుడు

వెబ్‌కు ఎస్‌ఆర్‌జీబీ, పొడవు వైపు 2048 పిక్సెళ్లు, జేపెగ్ నాణ్యత 85. అడోబ్ ఆర్‌జీబీలో పంపితే చాలా ఫోన్లలో, యాప్‌లలో దుప్పి పాలిపోయి కనిపిస్తుంది, పెట్టినవాళ్లకు కారణం తెలియక మళ్లీ సాచురేషన్ పెంచుతారు. వాట్సాప్‌లో పంపాల్సి వస్తే డాక్యుమెంటుగా పంపండి.

ప్రింటుకు 12 బై 18 అంగుళాలైతే 300 పీపీఐ లెక్కన 3600 బై 5400 పిక్సెళ్లు కావాలి. ల్యాబ్‌లో ఆటో కరెక్షన్ ఆపమని చెప్పాలి, లేకపోతే మీరు మూడు రోజులు తగ్గించిన ఎరుపును వాళ్ల యంత్రం మూడు సెకన్లలో తిరిగి పెడుతుంది. ముందు 4 బై 6 సైజులో ఒక ముక్క తీయించి, ట్యూబ్‌లైటు కింద కాకుండా వాకిట్లోకి తెచ్చి చూడండి. కాగితం మీద నీడలు తెర కన్నా ముదురుగా వస్తాయి కాబట్టి ఎక్స్‌పోజర్ 0.2 నుంచి 0.3 పెంచిన కాపీ ఒకటి ప్రింటు కోసం విడిగా ఉంచుకోవాలి.

చివరగా ఎక్స్‌పోర్ట్ పెట్టెలో లొకేషన్ సమాచారం తీసేసే గడి ఉంటుంది, దానికి టిక్కు పెట్టండి. ఫొటో కింద ‘నల్లమల’, ‘నారాయణపేట జిల్లా’ అని రాస్తే చాలు. ఏ కుంట, ఏ చేను, ఏ పూట అన్నది వేటగాళ్లకు కూడా పనికొచ్చే సమాచారమే.